మెట్ల మీది ఫ్యాన్, మూడు కంప్లైంట్లు

విజయశ్రీ మా షాపులోకి వచ్చిన రోజు హైదరాబాద్‌లో నలభై రెండు డిగ్రీలు. నా బుర్రలో ఇంకో రెండు ఎక్కువే. పొద్దున్నుంచి పదకొండు కూలర్లకు గడ్డి మార్చి, మెడ దగ్గర్నుంచి మోచేతుల దాకా గోక్కుంటూ కూర్చున్నాను.

"అన్నా," అంది.

ఇదొక శాపం. మన ఊళ్లో ఎంత అందమైన అమ్మాయైనా మొదటి మాట ఇక్కడే మొదలుపెడుతుంది. ఆటో అన్న, జిరాక్స్ అన్న, కూలర్ అన్న. ఊరంతా చెల్లెళ్లయితే నాలాంటి వాడు ఎక్కడికి పోవాలి?

"చెప్పండి," అన్నాను.

"ఇల్లు మొత్తం చల్లబడాలె. ఏసీ వద్దు, మా నానమ్మకు మోకాళ్లు పట్టేస్తయి. కూలర్ వద్దు, గదంత చెమ్మ అయితది. నాలుగు ఆప్షన్లల్ల రెండు కొట్టేసిన. మిగిలినయి చెప్పు."

తర్వాత తెలిసింది, అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో గ్రూప్స్ పిల్లలకు పాలిటీ చెబుతుందట. అందుకే ఆవిడ ఏం మాట్లాడినా ప్రశ్నపత్రంలా ఉంటుంది.

నా గుండె గట్టిగా కొట్టుకుంది. అమ్మాయిని చూసి కాదు, అది తర్వాత. పుణెలో ఫ్యాన్ల కంపెనీలో రెండేళ్లు పనిచేసి, ఒకే ఒక్క ఆలోచన పట్టుకుని నారాయణగూడ తిరిగొచ్చిన వాణ్ని నేను. హోల్ హౌస్ ఫ్యాన్. ఇల్లంతటికీ ఒకటే పెద్ద ఫ్యాన్. మిద్దె మీదికి పోయే మెట్ల పైన చిన్న గది ఉంటుంది కదా, దాని గోడలో బిగిస్తాం. పొద్దు గూకాక కిటికీలన్నీ తెరిచి ఆన్ చేస్తే, ఇంట్లో వేడిని పైకి లాగి బయటికి తోసేస్తుంది. కిటికీల్లోంచి చల్లగాలి దానంతటదే వస్తుంది. పగలు కిటికీలు బిగించేయాలి. అంతే.

ఈ 'అంతే' అనే ముక్క ఏడాదిగా ఎవరికీ ఎక్కలేదు. మా నాన్న మొగిలయ్యకైతే అసలే ఎక్కలేదు. "బయట నిప్పులు కురుస్తుంటే కిటికీలు తెరువుమంటవేందిరా?" అని కొట్టిపారేశాడు.

విజయశ్రీకి కాగితం మీద గ్రాఫ్ గీసి చూపించాను. సాయంత్రం ఆరున్నర దగ్గర పెద్ద గుండ్రం చుట్టాను. ఆవిడ అరగంట ప్రశ్నలు వేసి, చివరికి "గ్యారంటీ?" అంది.

"పది రోజుల్ల ఇల్లు చల్లబడకపోతే నేనే ఊడదీసి, గోడ పూడ్చి, సున్నం గూడ ఏసి పోత."

నా నోటికి తాళం లేదు. వెనక మా నాన్న ఇదంతా వింటున్నాడు. ఆవిడ వెళ్లగానే ఆయన కూడా తన గ్యారంటీ ఒకటి చెప్పాడు.

"ఆ ఇంటాయన మన షాపుకొచ్చి, నా ముంగట నిలబడి, బాగుందని నోటితోని చెప్పాలె. చెప్తే వెనక షెడ్డు నీది, నీ ఫ్యాన్లు చేసుకో. చెప్పకపోతే మల్ల ఫ్యాను అనే మాట ఎత్తొద్దు. గడ్డి నింపుకుంట కూసో."

శుక్రవారం పొద్దున ఫ్యాన్ బిగించాం. వాళ్లది అశోక్‌నగర్ సందులో పాత రెండంతస్తుల ఇల్లు. మా మేస్త్రీ రాములు గోడకు కన్నం కొడుతుంటే విజయశ్రీ నాన్నగారు, శ్రీపతి గారు, తన పన్నే పీకుతున్నట్టు మొహం పెట్టారు. బషీర్‌బాగ్‌లో ఇన్సూరెన్స్ ఆఫీసులో మేనేజర్ ఆయన. ఏ మాటనూ ఒక పట్టాన నమ్మరు.

"ఏం బాబూ, చక్కని గోడకు ఇంత బొక్కనా?"

"చల్లబడ్డాక మీరే అంటరు సార్, ఇంకొంచెం పెద్దగ కొట్టాల్సుండె అని."

"అనను," అన్నారాయన.

స్విచ్ వేశాను. ఇంట్లో పరదాలన్నీ ఒక్కసారి లోపలికి ఎగిరాయి. విజయశ్రీ చేతిలో ఉన్న ప్రశ్నపత్రాల కట్ట విడిపోయి మెట్ల మీద ఎగురుకుంటూ పైకి పోయింది. ఆవిడ తిడుతుందనుకున్నాను. నవ్వింది. కాగితాల వెంట మెట్లెక్కి పరిగెత్తుతూ, జుట్టంతా మొహం మీద పడుతుంటే, చిన్నపిల్లలా నవ్వింది. అక్కడే పోయాను నేను. అబద్ధమెందుకు చెప్పాలి?

"అన్నా, సూపర్," అంది. మళ్లీ అన్న!

టైమర్ పెట్టాను. సాయంత్రం ఆరున్నరకు దానంతటదే ఆన్, తొమ్మిదికి ఆఫ్. ఈల వేసుకుంటూ ఇంటికి పోయాను.

మర్నాడు రాత్రి ఎనిమిదిన్నరకు ఫోన్. "అన్నా, పన్చేస్తలేదు. ఇల్లు మల్ల పొయ్యి లెక్కనే ఉన్నది. పైగా మిర్చి బజ్జీల వాసన."

"కిటికీలన్నీ తీసి ఉన్నయా?"

"తీసే ఉన్నయి. నాకు చదువొచ్చు."

ఆదివారం పొద్దున వెళ్లాను. ఫ్యాన్ గుర్రంలా పరిగెత్తింది, పరదాలు ఎగిరాయి, ఏ లోపమూ లేదు. రాత్రి మళ్లీ ఫోన్. సోమవారం పొద్దున మోటారు విప్పి, మళ్లీ బిగించాను. రాత్రి మళ్లీ ఫోన్. మంగళవారం పొద్దున ఫ్యాన్ వెనక గాలి తోపుకు తెరుచుకునే రేకు రెక్కలు కూడా మార్చాను. ఆవిడ చేతులు కట్టుకుని మెట్ల కింద నిలబడింది.

"మూడు సార్లు వచ్చినవ్. నువ్వుంటే పన్చేస్తది, నువ్వు పోతే పన్చేయది. దీన్ని ఏమంటరు?"

"నామీద ప్రేమ అంటరు," అని నోటి చివర్దాకా వచ్చింది. మింగేశాను.

"నాన్న ఏసీ బుక్ చేస్తనంటున్నడు. ఆదివారంతో నీ పది రోజులైపోతయి. నేను ఇంట్ల అందరితోని కొట్లాడి పెట్టించిన. నా పరువు తీయకు అన్నా, ప్లీజ్."

ఆ ప్లీజ్‌కు నాకు మండింది. ఆవిడ మీద కాదు. ఆ ఫ్యాన్‌ను నా చేతులతో చేశాను. దాని ఒక్కో రెక్క నాకు తెలుసు. తప్పు దానిది కానే కాదు. మరి ఎవరిది? నా మొహాన మోసగాడని రాసిపెట్టినట్టు చూస్తోంది ఆ అమ్మాయి. ఫ్యాన్ పోతే పోనీ, ఆ చూపు మాత్రం నాకొద్దు.

ఆ సాయంత్రం షాపు నాన్నకు వదిలేసి, ఎవరికీ చెప్పకుండా ఆరుంబావుకే వాళ్లింటికి పోయాను. చిక్కడపల్లి చౌరస్తాలో ట్రాఫిక్‌ను, ఎండను, నా జాతకాన్ని సమానంగా తిట్టుకుంటూ. ఇలాంటప్పుడు ఒక వాన పడితే కథ అందంగా ఉండేది. చుక్క కూడా పడలేదు.

ముందు తలుపు బార్లా తెరిచి ఉంది. ఆ వేళ ఇంట్లో వాళ్ల నానమ్మ భూదేవి గారు ఒక్కరే ఉంటారు. విజయశ్రీకి ఎనిమిదింటి దాకా క్లాసులు, శ్రీపతి గారు వచ్చేసరికి ఎనిమిది దాటుతుంది.

నేను గుమ్మంలో నిలబడి చూస్తుండగానే, భూదేవి గారు వెనక తలుపు వేసి గడియ పెట్టారు. తర్వాత వంటింటి కిటికీ మూశారు. తర్వాత పడకగదులవి, ఒక్కొక్కటే, మోకాలు పట్టుకుని కుంటుకుంటూ. ఒక్కటి కూడా మిగల్చలేదు. అప్పుడు దేవుడి ముందు కూర్చుని దీపం వెలిగించారు.

సరిగ్గా ఆరున్నర. పైన నా ఫ్యాన్ లేచింది.

దానికి గాలి రావడానికి ఒకే ఒక్క దారి మిగిలింది, ముందు తలుపు. సందులోని దుమ్ము, ఎదురుగా మిర్చి బండి నూనె పొగ, పోయే బైకుల పెట్రోలు కంపు, అంతా నా పక్కనుంచే హోరున లోపలికి దూరింది. దీపం కొండెక్కింది. భూదేవి గారు ఏదో గొణుక్కుంటూ, చెయ్యి అడ్డం పెట్టి మళ్లీ వెలిగించారు. అదీ కొండెక్కింది.

"నానమ్మా! ఏం చేస్తున్నరు?"

ఆవిడ ఉలిక్కిపడ్డారు. "దీపం పెడుతున్న. నువ్వేంది పిలగా, చెప్పకుండ వస్తివి?"

"కిటికీలెందుకు మూసిన్రు?"

"దీపాలేళ ముంగటి తలుపు తియ్యాలె, ఎనక తలుపు ముయ్యాలె. ముంగట్నుంచి వచ్చిన లచ్చిమి ఎనకనుంచి పోవద్దు. మీ ఇంట్ల ముయ్యరా?"

మూస్తారు. మా అమ్మ రోజూ మూస్తుంది, నా కళ్ల ముందే. పుట్టినప్పట్నుంచి చూస్తున్నాను. గ్రాఫ్ మీద ఆరున్నరకు గుండ్రం చుట్టినప్పుడు ఒక్క క్షణం కూడా గుర్తుకు రాలేదు. నా చదువు తగలెయ్య!

"ఎనక తలుపు మూయండి, సరే. కిటికీలెందుకు?"

"తలుపుకెల్లి పొయ్యేది కిటికీకెల్లి పోదా?"

నేను కిటికీ వైపు చూస్తుంటే ఆవిడే మళ్లీ అందుకున్నారు.

"ఇంకోటి గూడ విను. దీపం పెట్టినంక ఇల్లు ఊడ్వద్దంటరు. నీ ఫ్యాను ఏం చేస్తుంది? గదే యాళకు ఇల్లంత ఊడ్చి మిద్దె మీదికెల్లి బయట పారేస్తుంది."

గాలి వేగాల గురించి నేను చదివిన ఏ పుస్తకంలోనూ ఈ అభ్యంతరం లేదు. కానీ ఆవిడ లెక్కలో ఆవిడ చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం.

"మరి విజయశ్రీకి చెప్పొచ్చు కదా!"

ఆవిడ వత్తి సరిచేశారు. "ఎట్ల చెప్త బిడ్డా? నా మోకాళ్ల కోసమే తండ్రితోని కొట్లాడి తెచ్చింది. తల్లి పోయినప్పుడు దానికి నాలుగేండ్లు. నేనే పెంచిన. నా కోసం ఇష్టంగ తెచ్చినదాన్ని వద్దని ఏ మొఖం పెట్టుకొని చెప్త? అందుకే, దాని బండి సప్పుడు ఇనంగనే కిటికీలన్నీ మల్ల తీసి పెడుతున్న."

ఇదీ సంగతి. గంటన్నర సేపు ఇంటి నిండా వీధి పొగ. విజయశ్రీ వచ్చి చూస్తే అన్ని కిటికీలూ తెరిచే ఉంటాయి.

"నువ్వు గూడ చెప్పకు. దాని మనసు కష్టపడతది. శ్రీపతికి తెలిస్తే నా మీద లేస్తడు. నాకు మాటియ్యి," అని చెయ్యి చాపారు.

నా ఫ్యాన్, నా షెడ్డు, నా పరువు, నా ప్రేమ, అన్నీ ఆ అరచేతిలోనే ఉన్నాయి. మూడు రోజులుగా నన్ను నమిలి మింగిన రహస్యం దొరికింది, దొరికిన నిమిషానికే నోరు కుట్టేసుకోవాలి. ఏం జన్మ ఇది! కానీ అంత పెద్దావిడ చెయ్యి చాపితే కాదనడం నాకు చేత కాలేదు. మాటిచ్చాను.

తర్వాత అడిగాను. "నానమ్మా, ఇల్లు ఎప్పుడు ఊడుస్తరు?"

"తెల్లారకముందే. నాలుగున్నరకు లేస్త. ఊడ్చి, వాకిలి చల్లి, ముగ్గేసే వరకు ఆరు దాటుతది."

"అప్పుడు కిటికీలు?"

"అన్ని బార్లా తీస్త. రాత్రి పీడంత బయటికి పోవాలె కద."

నిలబడ్డ చోటే తల పట్టుకున్నాను. రోజు మొత్తంలో గాలి అన్నిటికంటే చల్లగా ఉండేది అప్పుడే. అప్పుడు నడిపి, ఎండెక్కకముందే కిటికీలు బిగిస్తే, గోడలు సాయంత్రం దాకా చల్లగా ఉంటాయి. ఇంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదంటే, నేనెప్పుడూ ఎనిమిదికి ముందు లేవలేదు. లేవని వేళకు లెక్కెందుకు వేస్తాను?

"నానమ్మా, దీపం వేళ ఫ్యాన్ తిరగదు. పొద్దున మీరు చీపురు పట్టుకోంగనే, మీ చేతితోనే స్విచ్ వేయండి. ఊడిచేటప్పుడు అది గూడ ఊడుస్తది. సరేనా?"

ఆవిడ మూలనున్న చీపురు వైపు చూశారు. "పొద్దున ఊడ్సుడు మంచిదే," అన్నారు చివరికి.

ఎనిమిదింబావుకు విజయశ్రీ వచ్చింది, వెనకే శ్రీపతి గారు. నేను మెట్ల మీద టైమర్ తీసేస్తున్నాను. అప్పటికి ఫ్యాన్ ఆగింది, ఇల్లు మాత్రం ఉడుకుతూనే ఉంది.

"సార్, తప్పు నాదే," అన్నాను. "టైమింగ్ తప్పు పెట్టిన. సాయంత్రం కాదు, తెల్లారకముందు నడపాలె."

"అంటే మీకు పని రానట్టేనా?" అన్నారు శ్రీపతి గారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "ఇప్పుడు వచ్చింది సార్," అన్నాను.

విజయశ్రీ ఊరుకోలేదు. "షాపుల గ్రాఫ్ గీసి మరీ సాయంత్రమన్నవ్. ఆ రోజు అబద్ధమా, ఇయ్యాల అబద్ధమా? రెండిట్ల ఒకటి చెప్పు."

"పై రెండూ కావు."

"నాతోని ఆటలా? మూడు రోజులు నన్ను పిచ్చిదాన్ని చేసి, ఇప్పుడు టైమింగ్ అంటవా? ఛీ, నిన్ను నమ్మి మా నాన్నతోని కొట్లాడిన చూడు!"

దేవుడి గది దగ్గర భూదేవి గారు తల దించుకుని వత్తులు చేస్తున్నారు. నేను నా స్క్రూడ్రైవర్ సర్దుకుని, తల ఊపి బయటికొచ్చేశాను. ఆ రోజు ఇంటికి పోయి అన్నం తినలేదు. మా అమ్మ ఎంత అడిగినా కారణం చెప్పలేదు.

బుధవారం నాలుగింటికి అలారం మోగినప్పుడు, ఈ లోకంలో ఉన్న ఫ్యాన్లన్నిటినీ తగలబెట్టాలనిపించింది. అయినా పోయాను. అశోక్‌నగర్‌లో అప్పటికే పోటీ పరీక్షల పిల్లలు వాటర్ బాటిళ్లు పట్టుకుని, లైబ్రరీ దగ్గర సీటు కోసం నడిచిపోతున్నారు. నాకొక్కడికే నిద్ర అవసరమేమో అనుకున్నాను.

భూదేవి గారు ఒక చేత్తో చీపురు పట్టుకుని, రెండో చేత్తో స్విచ్ వేశారు. ఇల్లంతా చల్లగా, వేపపూత వాసనతో నిండింది. ఏడున్నరకు కిటికీలన్నీ మూయించాను. మధ్యాహ్నం మూడింటికి లోపల ఎంతుందో చూసి మెసేజ్ పెట్టమని విజయశ్రీకి థర్మామీటర్ ఇచ్చాను. మొహం చూడకుండా తీసుకుంది.

మూడింటికి మెసేజ్ వచ్చింది. "36" అని, అంతే. ముందు ముప్పై తొమ్మిది ఉండేది.

గురువారం "35" అని వచ్చింది, పక్కన ఒక చుక్క కూడా పెట్టింది. ఆ చుక్కను పదిసార్లు చూసుకున్నాను. అంత దిగజారిపోయాను.

శుక్రవారం తెల్లవారుజామున మెట్ల మీద కూర్చుని కునికిపాట్లు పడుతుంటే, పక్కన టీ గ్లాసు పెట్టిన చప్పుడైంది. "తాగు అనుదీప్, పడిపోతవ్," అంది. నిద్ర ఎగిరిపోయింది. అన్న ఎక్కడికి పోయింది? అడిగితే తిరిగొస్తుందేమోనని అడగలేదు.

శనివారం ఇద్దరం ఆ మెట్ల మీదే కూర్చుని మాట్లాడుకున్నాం. తన క్లాసు పిల్లల గురించి చెప్పింది. నేను పుణె గురించి చెప్పాను, మా నాన్న షరతు గురించి కూడా.

"అంటే మా నాన్న నోరు తెరవకపోతే నీ పని ఖతమా?"

"ఖతం."

"మా నాన్న ఎవరినీ మెచ్చుకోడు తెలుసా? నేను యూనివర్సిటీ ఫస్టొస్తే, సెకండ్ ఎవరని అడిగిండు."

ఆదివారం వచ్చింది. పదో రోజు. రోజూ ఐదింటికి ఉక్కకు తట్టుకోలేక లేచి వాకింగ్‌కు పోయే శ్రీపతి గారు ఏడు నలభై దాకా లేవలేదు. లేచి, బనీను మీదే హాల్లోకి వచ్చి, గోడ మీద అరచెయ్యి ఆనించి చూశారు.

"చల్లగనే ఉన్నది. ఫ్యాను ఉండనియ్యి," అన్నారు.

"సార్, ఒక్కసారి మా షాపుకొచ్చి మా నాన్నకు ఈ మాట..."

"అది మాత్రం నాతోని కాదు బాబూ. మూడు సార్లు వచ్చి తప్పేందో పట్టుకోలేకపోయినవ్. పాపం కష్టపడ్డవ్, కాదనను. కాని పని వచ్చినోడని నేను నోటితోని ఎట్ల చెప్త?"

చెప్పడానికి నా దగ్గర జవాబు ఉంది. నోరు తెరిస్తే షెడ్డు నాది. దేవుడి గది వైపు చూడకుండా, "సరే సార్," అన్నాను. చెప్పుల దగ్గరికి నడిచాను.

"శ్రీపతీ, ఆపు పిలగాన్ని," అన్నారు భూదేవి గారు.

మొత్తం చెప్పేశారు. కిటికీలు, దీపం, బండి చప్పుడు, నా దగ్గర తీసుకున్న మాట. చెప్పి, "తప్పంత నాది. అరుస్తవా, అరువు. పరాయి పిలగాడు నా కోసం మాటలు పడుతుంటే నాకు ముద్ద దిగుతలేదు," అని కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

శ్రీపతి గారు అరవలేదు. వెళ్లి తల్లి పక్కన కూర్చున్నారు. "చెప్తే అయిపోతుండె కదనే అమ్మా," అన్నారు. తర్వాత నావైపు తిరిగి, "మీ షాపు నారాయణగూడల ఎక్కడ? ఆగు, అంగీ ఏసుకొస్త," అని లోపలికి పోయారు.

నేనింకా తేరుకోకముందే విజయశ్రీ నా చెయ్యి పట్టుకుని మెట్ల మీదికి లాక్కుపోయింది. ఫ్యాన్ కింద నిలబెట్టింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నేను ఛీ అన్నప్పుడు గూడ నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి ఎందుకు పడ్డవ్?"

"మాటిచ్చిన కద! ఏం చేయాలె మరి?" నా ఓపిక అక్కడితో అయిపోయింది. "ఫ్యాన్‌కు గురువారం నుంచే నేను అక్కర్లేదు. స్విచ్ మీ నానమ్మ వేస్తది, కిటికీలు నువ్వు మూస్తవ్. అయినా నాలుగింటికి లేచి వచ్చిన. నాకు నిద్రంటే ప్రాణం విజయశ్రీ! ఎందుకొస్తున్ననో ఇంత చదువుకున్నదానివి, నీకు తెలుస్తలేదా?"

"తెలుస్తుంది," అంది. "నేను రోజూ ఏడున్నరకు లేచేదాన్ని. ఈ నాలుగు రోజులు ఐదింటికే ఎందుకు లేచిననో నీకు తెలుస్తలేదా?"

తెలియలేదు. ఇప్పుడే తెలిసింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ నిలబడ్డాం.

కింద నుంచి భూదేవి గారి కేక వినబడింది. "పిలగా, మీ అమ్మ పేరేంది? ఒకసారి ఇంటికి రమ్మను, నేను మాట్లాడాలె."

విజయశ్రీ మోచేత్తో పొడిచింది. "అడుగుతుంది కద, చెప్పు."

"రేణుక," అన్నాను మెల్లగా.

ఆ అమ్మాయి మెట్ల కమ్మీ మీంచి కిందికి వంగింది. "నానమ్మా," అని ఇల్లంతా వినబడేలా అరిచింది, "రేణుకత్తమ్మ అంట!"

అత్తమ్మ! నేను ఆ మెట్టు మీదే కూలబడ్డాను.